దండం పెట్టని ఉద్యోగి

“ఏమిటీ? పొద్దున్నే దేవుడికి దండం పెట్టనన్నందుకు ఉద్యోగం పీకేశారా?”

వకీలు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎన్నాళ్ళకు దొరికింది ఇలాంటి కేసు! ప్రహరీ గోడల తగాదాలూ, చెల్లని చెక్కులూ వాదించి వాదించి ఆయన గొంతు తుప్పు పట్టిపోయింది.

“అవునండీ,” అన్నాడు ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి. “ఈమధ్య నాకు దేవుడి మీద నమ్మకం పోయింది. లేని భక్తిని మొహానికి పులుముకుని నిలబడలేక, ఆ మాటే పైవాళ్ళతో చెప్పేశాను. అసలు నేను చేసే పని...”

“పనిదేముందండీ, ఏ పనైనా ఒకటే!” క్లయింటు మాట చివరిదాకా వినడం వాదన చేతకాని వకీళ్ళ లక్షణమని ఆయన గట్టి అభిప్రాయం. టైపిస్టు వైపు తిరిగాడు. “కొట్టమ్మా. రాజ్యాంగం ప్రతి మనిషికీ అంతఃకరణ స్వేచ్ఛ ఇచ్చింది. నమ్మే హక్కుందంటే, నమ్మకుండా ఉండే హక్కూ ఉన్నట్టే.”

పెద్దమనిషి భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “మీరైనా బుద్ధి చెప్పండి బాబూ. కాసేపు చేతులు జోడిస్తే ఈయన సొమ్మేం పోయింది? మేముండే ఇల్లు కూడా వాళ్ళదే. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. పిల్లల్నేసుకుని ఎక్కడికి పోను?”

“ఇల్లు కూడానా! అమానుషం అని కొట్టమ్మా.” వకీలుగారి కరుణ కట్టలు తెంచుకుంది. రేపు పేపర్లో తన ఫొటో ఏ వైపు నుంచి తీయిస్తే బాగుంటుందో కూడా ఆలోచించేశాడు. “మిగతావాళ్ళనీ ఇలాగే బలవంతపెడుతున్నారా?”

“లేదండీ, నన్నొక్కణ్ణే. అక్కడికొచ్చే మిగతా జనం దండం పెట్టినా, పెట్టకపోయినా ఎవరూ అడగరు.”

“వివక్ష! కొట్టమ్మా!”

“మా నాన్నగారూ అక్కడే చేశారు. ఆయన ఒక్కరోజూ మానలేదని దెప్పుతున్నారండీ.”

“తండ్రి భక్తి కొడుక్కి ఆస్తిలాగా సంక్రమించాలని ఏ చట్టంలో ఉంది? అడుగుతాను, నిలదీసి అడుగుతాను!”

“గెలుస్తామంటారా బాబూ?” భార్య భయం భయంగా అడిగింది.

“భలేదానివమ్మా! జడ్జిగారు చూసేది ఒక్కటే. ఈ ఉద్యోగానికి దైవభక్తి తప్పనిసరా, కాదా? తప్పనిసరని నిరూపించుకోవాల్సింది వాళ్ళు. ఆ మాట పైకి అంటే కోర్టు కోర్టంతా పగలబడి నవ్వదూ?”

ఆమె మొగుడి మొహంలోకి చూసింది. ఆయన ఏదో చెప్పబోయాడు. వకీలు చెయ్యెత్తి ఆపేశాడు.

“మీరు నిశ్చింతగా ఉండండి. రేపే దాఖలు చేస్తున్నాను. ఇక ఇది మీ కేసు కాదు, నా కేసు!”

టైపిస్టు తలెత్తింది. “సార్, పిటిషనుదారు వృత్తి దగ్గర ఖాళీ ఉండిపోయింది. ఏమని కొట్టమంటారు?”

వకీలు దర్జాగా పెద్దమనిషి వైపు చెయ్యి చాపాడు. “అమ్మాయికి చెప్పండి.”

“పూజారినండీ.”