లోపల ఏమీ లేదు

మొదలుపెట్టేనాటికి వెంకటసుబ్బారావు చేతిలో ఉన్నవి మూడు: ఒక పాత కంప్యూటర్, తనే పెట్టి మరిచిపోయిన పాస్‌వర్డ్, నలభై ఏళ్ళ బేరాల అనుభవం.

మూడోదాన్ని నమ్ముకున్నాడు.

రాజమండ్రిలో కింద స్టీలు సామాన్ల కొట్టు, మీద ఇల్లు. ఏడేళ్ళ క్రితం భార్య బుజ్జమ్మ పాడిన మంగళహారతులు ఆ కంప్యూటర్‌లోనే రికార్డు చేశారు. పాటల మధ్యలో, "ఆ ఫ్యాను కట్టేయండి, మోత వస్తోంది" అని ఆయన్ని కసిరిన మాట కూడా ఉంది.

ఐదు నెలల క్రితం క్యాన్సర్ అని బుజ్జమ్మ గొంతు తీసేశారు. ఇప్పుడు ఏం కావాలన్నా పలక మీద రాస్తోంది.

కెమెరా చూస్తే నోరు మూసుకునే మనిషి. ఫోన్ల నిండా ఆవిడ బొమ్మలున్నాయి గానీ, మాట లేదు. ఉన్నదల్లా ఆ పెట్టెలోనే.

పెళ్ళిరోజు, కొట్టు నంబరు, ఇంటి దేవుడి పేరు అన్నీ కొట్టి చూశాడు. తెరుచుకోలేదు.

మంగళవారం కంప్యూటర్‌ను కిందికి దింపించి, గల్లాపెట్టె పక్కన పెట్టించాడు. రిపేరు మనిషికి కబురు చేశాడు.

పదకొండింటికి ఎవరో ఒకాయన కొట్లోకి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. మెడచుట్టూ కండువా. మాట్లాడకుండా ఒక మడత కాగితం బల్ల మీద పెట్టాడు.

"రైళ్ళు చాలక బజార్లో కూడా పడ్డారా!" అన్నాడు వెంకటసుబ్బారావు.

"పాపం, మూగాయన లాగున్నాడండి," అన్నాడు గుమాస్తా చిట్టియ్య.

"వీళ్ళ సంగతి నీకేం తెలుసయ్యా? రైల్లో కార్డులు పంచినంతసేపే మూగ. సామర్లకోట దాటితే అందరికీ మాటలొస్తాయి."

"చదవరేంటండి?"

"ఏముంటుంది? అందరిదీ ఒకటే అచ్చు."

మడత విప్పకుండానే కాగితం వెనక్కి తోసి, దాని మీద పది రూపాయల నాణెం పెట్టాడు.

ఆ మనిషి తల అడ్డంగా ఊపాడు. కంప్యూటర్‌ను చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఓరి నీ ఆశ! కంప్యూటరే కావాలంట, విన్నావా చిట్టియ్యా?"

చిట్టియ్య నవ్వలేక నవ్వాడు.

ఆ మనిషి నమస్కారం పెట్టి, కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాణెం బల్ల మీదే ఉండిపోయింది.

మధ్యాహ్నం రిపేరు మనిషి సాయిరామ్ వచ్చాడు.

"లోపల కావాల్సినవి ఏమైనా ఉన్నాయాండి?"

వెంకటసుబ్బారావు నలభై ఏళ్ళుగా ఒక సూత్రం తప్పలేదు. మనకు కావాలని ఎదుటివాడికి తెలిస్తే ధర పెరుగుతుంది.

"ఏమీ లేదయ్యా, పాత చెత్త. పాస్‌వర్డ్ అడగకుండా తెరుచుకుంటే చాలు."

"రెండు వేలు అవుతుందండి."

"ఈ డొక్కుదానికా? తుక్కులో వేసినా అంత రాదు."

"నిజంగా ఏమీ అక్కర్లేదాండి?"

"అక్కర్లేదన్నానుగా. పన్నెండు వందలు. చేస్తే చెయ్యి, లేకపోతే తీసుకెళ్ళి పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాను."

"సరేనండి. ఫార్మాట్ కొట్టి కొత్తగా వేసేస్తాను."

కొత్తగా అంటే ఇంకా మంచిదే కదా అనుకున్నాడు వెంకటసుబ్బారావు. ఎనిమిది వందలు మిగిలాయి.

గంటన్నరకు తెర వెలిగింది. ఏమీ అడగకుండానే తెరుచుకుంది.

"పాటలేవి?"

"ఏ పాటలండి?"

"మా ఆవిడ పాడినవయ్యా! ఆవిడ గొంతు అందులో ఉంది."

సాయిరామ్ మౌస్ వదిలేసి ఆయన వైపు తిరిగాడు.

"చెత్త అన్నారు కదండీ. రెండుసార్లు అడిగాను. ఉత్త పాస్‌వర్డ్ తీయమంటే పావుగంట పనండి, లోపలివి కదిలేవే కావు."

"ఇప్పుడు తియ్యి. ఐదు వేలు తీసుకో. పది తీసుకో."

"పాతదంతా చెరిపి, దాని మీదే కొత్తది వేసేశానండి. ఇంక ఎవరి వల్లా కాదు."

సాయంత్రం బుజ్జమ్మ పలక పట్టుకుని మెట్లు దిగింది. పాస్‌వర్డ్ అడగకుండా వెలుగుతున్న తెర చూడగానే ఆవిడ మొహం విచ్చుకుంది. గబగబా రాసింది.

"ఆయన వచ్చారన్నమాట!"

"ఎవరు?"

"నేను రమ్మని ఉత్తరం రాశాను. మీకు చెబితే ముందు ఎంత తీసుకుంటాడని అడుగుతారని చెప్పలేదు."

వెంకటసుబ్బారావు చిట్టియ్య వైపు చూశాడు. చిట్టియ్య తల దించుకున్నాడు.

బుజ్జమ్మ పలక తుడిచి, నవ్వుతూనే, చిన్న చిన్న అక్షరాలతో నిండా రాసి ఆయన చేతికిచ్చింది: "జ్ఞానప్రకాశం గారని, ఆస్పత్రిలో నాతోపాటే గొంతు తీయించుకున్నాయన, పాత రికార్డింగులు వెతికి, మాలాంటి పదకొండు మంది ఫోనులో టైపు చేస్తే అది వాళ్ళ సొంత గొంతుతో మళ్ళీ మాట్లాడేలా చేశారు, ఆయన గొంతు మాత్రం ఎక్కడా దొరకలేదట."