అద్దాల బీరువాలో అమ్మ బట్ట

"ముందు ఆ ఆకూ వక్కా తియ్యండమ్మా. ఇది మ్యూజియం, మీ ఇంటి అరుగు కాదు," అన్నాడు అధికారి మార్తెన్.

రంబు కొంగా అనే ఆవిడ అవి తియ్యలేదు. అద్దాల బీరువా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, లోపల చెక్కబొమ్మకి తొడిగిన ఎర్ర బట్టనే చూస్తోంది. గవ్వలతో గుర్రాలు, పూసలతో రొయ్యలు కుట్టిన బట్ట. ఇలాంటి పని చేసే చేతులు ఇప్పుడు సుంబా దీవి మొత్తం వెతికినా దొరకవు.

"అది మా అమ్మది. దింపి ఇచ్చెయ్యండి."

మార్తెన్‌కి ఒళ్ళు మండింది. తెల్లారితే జిల్లా పెద్దగారు వచ్చి మ్యూజియం తెరవాలి. ఇన్నాళ్ళూ పెట్టెల్లో పురుగులు కొట్టేస్తుంటే ఒక్కరికీ పట్టలేదు. అద్దం వెనక పెట్టి దీపం వెయ్యగానే ఊరంతా వారసులే.

"మీ అమ్మదని గుర్తేమిటి?"

"గుర్తులెందుకు? అది కుట్టినన్నాళ్ళూ నాకు వేళకి అన్నం పెట్టలేదు. ఆ గవ్వలంటే నాకెంత కోపమో మీకేం తెలుసు?"

మార్తెన్‌కి నవ్వొచ్చింది. కాస్త మెత్తబడ్డాడు.

"సరే, ఆవిడదే. కింద ఆవిడ పేరు రాయిస్తాను. సంతోషమేనా?"

"పేరెవరిక్కావాలి? బట్ట కావాలి. చీకటి పడేలోపు అమ్మకి ఇచ్చెయ్యాలి."

"చూడండమ్మా, మేం ఎవరింట్లోనూ ఎత్తుకురాలేదు. ఉంబు రేతాంగ్ గారు దానమిచ్చారు. రేపు సభలో ఆయనకి సన్మానం కూడా చేస్తున్నాం."

"సన్మానమా? వాడికా?" కొంగా ఇటు తిరిగింది. "వాడు మా అన్నయ్య."

"అదీ సంగతి." మార్తెన్ చేతులు కట్టుకున్నాడు. "అన్నాచెల్లెళ్ళ తగవు ఇంట్లో తేల్చుకోవాలి గానీ, ప్రభుత్వ సొమ్ము మీద పడితే ఎలా? రేపు పదిమందీ ఆయన్ని మెచ్చుకుంటారని మీకు కడుపుమంట."

"నా కడుపుమంట అందుకు కాదు. బీరువా తాళం తియ్యండి."

"తియ్యను. మీ అమ్మగారే చేతులారా ఇచ్చేశాక మళ్ళీ ఆవిడకివ్వడమేమిటి?"

"అమ్మ ఇచ్చిందని ఎవరన్నారు?"

"మీ అన్నయ్యే. ఆ కుర్చీలోనే కూర్చుని చెప్పారు. మొన్న మీ నాన్నగారిని సమాధి చేసినరోజు అమ్మ దగ్గర తీసుకున్నానన్నారు. అంత పెద్దమనిషి అబద్ధమాడతారా?"

కొంగా ముఖం కందిపోయింది. లేచి, అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడింది.

"అబద్ధం కాదు సారూ. ఆ రోజే తీసుంటాడు. నాన్నకి చోటు సర్దుతానని, సమాధి రాయి ఎత్తించి లోపలికి దిగింది వాడొక్కడే. ఎప్పుడో పోయిన మా అమ్మని అందులో పెట్టింది, ఈ బట్టలో చుట్టే."