తలకాయ ఎవరి వైపు

పొట్టేలు తలకాయ పళ్లెం మధ్యలో కూర్చుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

నిప్పుల మీద కాలేటప్పుడు పెదవులు వెనక్కి ముడుచుకుపోతాయి. అందుకే దక్షిణాఫ్రికా వాళ్లు ఈ వంటకాన్ని స్మైలీ అంటారట.

దాని చుట్టూ బోటి కూర, వేళ్లతో సహా ఎర్రగా వేపిన కోడికాళ్లు, తెల్లటి మొక్కజొన్న సంకటి.

రియాద్‌లో ఈ దక్షిణాఫ్రికా హోటల్ కొత్త. మెనూలో ఈ వంటకాలున్న పేజీకి 'గుండె ధైర్యం ఉన్నవాళ్లకు' అని పేరు పెట్టారు. పక్క బల్ల దగ్గర నలుగురు ఒక కోడికాలు పట్టుకుని, నువ్వు తినంటే నువ్వు తినంటూ వీడియో తీసుకుంటున్నారు.

"కోడికాలు తినడానికి ధైర్యమెందుకే? పళ్లుంటే చాలదూ," అంది రత్తమ్మ.

రత్తమ్మది రాజోలు. తరన్నుమ్‌ది కడప. తాజున్నీసాది రాయచోటి. ముగ్గురూ ఒకే వీధిలో మూడిళ్లలో ఇంటిపని చేస్తారు. కలిసి బయట కూర్చుని తినడం ఇదే మొదలు.

తాజున్నీసా మాత్రం ఈ హోటల్‌కి ముందొకసారి వచ్చింది, తను పనిచేసే ఇంటి మదాం కుటుంబంతో. చివరి కుర్చీలో చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె ముందు పళ్లెం పెట్టలేదు. పెట్టమని ఎవరూ అనలేదు కూడా.

ఇవాళ తలుపు దగ్గర వెయిటర్ దిలావర్ ఆమెను గుర్తుపట్టాడు. పెద్ద బల్ల చూపించి, మీ మేడం ఎప్పుడొస్తారని ఉర్దూలో అడిగాడు.

"కోయీ నై ఆతే. హమీచ్," అంది తాజున్నీసా. ఎవరూ రారు, మేమే.

అతను ముగ్గురినీ ఒకసారి చూసి, కిటికీ పక్కన బల్ల తుడిచాడు.

వారానికో రోజు సెలవని ఆమె అగ్రిమెంటులో ఉంది. ఆరేళ్లుగా కాగితం మీదే ఉంది. అడిగినప్పుడల్లా ఇంటికి చుట్టాలు. అడగడం మానేస్తే, నీకు అక్కర్లేదు కదా అన్నారు.

ఈ శుక్రవారం ఆమె అడగలేదు. పోతున్నానని చెప్పింది.

"గడప దాటావంటే సోమవారం నీ ఇకామా రెన్యూ చేయించను," అంది మదాం.

ఇకామా లేకపోతే ఈ దేశంలో ఉండనివ్వరు. ఊళ్లో కూతురి నర్సింగ్ చదువు ఇంకో ఏడాది మిగిలుంది. ఆ సంగతి మదాంకు తెలుసు. తెలిసే అంది.

తాజున్నీసా అబాయా తొడుక్కుని గడప దాటింది.

ఇప్పటికి ఫోన్ మూడుసార్లు మోగింది.

"ఎత్తొద్దులే. తిన్నాక చూద్దువు," అంది తరన్నుమ్.

తలకాయ ఎవరి వైపు చూస్తుంటే వాళ్లే పెద్ద అతిథి. మదాం ఇంట్లో అది మర్యాద. ఆరేళ్లలో తాజున్నీసా ఎన్ని తలకాయలు ఉడికించిందో, అన్నం తాంబాళం మీద ఎంత ఒద్దికగా నిలబెట్టి మగవాళ్ల గదికి పంపిందో ఆమెకే తెలియదు. రాయచోటిలో మాత్రం ఏం తక్కువ? నాలుక మొగుడికి, భేజా కొడుక్కి, ఆడవాళ్లకు అడుగున మిగిలిన చారు.

రత్తమ్మ పళ్లెం అంచు పట్టుకుని మెల్లగా తిప్పింది. పొట్టేలు తాజున్నీసా వైపు తిరిగింది.

"నాకెందుకక్కా? పెద్దదానివి నువ్వుండావు కదా."

"మాకు సెలవిచ్చారు. నువ్వు తీసుకున్నావు. తిను."

తాజున్నీసా నాలుక తుంచి నోట్లో పెట్టుకుంది. వెన్నలా ఉంది. పొగ వాసన, వెనక మిరియాల ఘాటు.

ఆమెకు ఒళ్లు మండింది. ఇంత రుచైనదాన్ని ఇన్నేళ్లు ఎవరెవరికో వడ్డించినందుకు.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఎడమ చేత్తో ఎత్తింది.

"వేన్ ఎంతి?" ఎక్కడున్నావంటూ మదాం గొంతు బల్ల అవతలికి కూడా వినిపించింది.

"అనా యాకుల్, మదాం." తింటున్నాను.

తిండి ఆపి రమ్మంది మదాం. ఇంటి నిండా చుట్టాలున్నారంది. ఇప్పటికిప్పుడు రాకపోతే సోమవారం సంగతి మరిచిపొమ్మంది.

తాజున్నీసా నోట్లో ముక్క పూర్తిగా నమిలింది. మింగింది. అంతసేపూ మదాం ఆగాల్సి వచ్చింది.

"బాదేన్," అంది. తర్వాత. "తినేసి వస్తాను మదాం. సాయంత్రానికి."

రత్తమ్మ చెయ్యి సంకటి మీదే ఆగిపోయింది.

అవతల ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడు, పిల్లల ఏడుపు, తలుపు ధడాలున వేసిన మోత.

కాసేపటికి మదాం గొంతు తగ్గించి అడిగింది. ఎండు నిమ్మకాయలు ఎక్కడ పెట్టావని.

"పై అరలో, మదాం. స్టూలు వేసుకుంటే అందుతాయి."

ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఏమందే? ఇకామా మాటేమన్నా ఎత్తిందా?" అంది రత్తమ్మ.

"ఏం జెప్పల్యా."

తాజున్నీసా తన పళ్లెం ముందుకు జరిపింది.

"ఇంగొంచెం వడ్డించక్కా."