పై గుండీ

“రాదు అను. రెండక్షరాల మాట. నోరు తిరగదా?” అన్నాడు భర్త.

“వచ్చినదాన్ని రాదని ఎలా అంటానండీ?” అంది ఆమె, చేతిలో కత్తెర అలాగే పట్టుకుని.

అతను కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆ పూటకి అతను బస్సు డ్రైవరు కాదు. రేపు బడిలో జరిగే మీటింగుకి రాబోయే మేడమ్. ఏ పిల్లకి ప్రత్యేక సాయం ఉంచాలో, ఎవరికి తీసెయ్యాలో తేల్చేది ఆవిడే.

“సరే, మళ్ళీ అడుగుతాను. ఏమ్మా, మీ అమ్మాయి చొక్కా గుండీలు తనే పెట్టుకుంటుందా?”

“పెట్టుకుంటుంది. పై గుండీతో సహా.”

“అయిపోయింది. ఇక తోడు టీచరు ఉండదు. ఇంటికి పద.”

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తోడు టీచరు అంటే తరగతిలో పాప పక్కనే కూర్చుని, ఒక్కో పనినీ చిన్న చిన్న ముక్కలు చేసి నేర్పే అమ్మాయి. ఆ అమ్మాయి రాకముందు పాప రోజంతా బల్ల కింద దూరి కూర్చునేది. వచ్చాక అందరిలా బల్ల ముందు కూర్చుంది, పెన్సిలు పట్టింది, గుండీల దాకా వచ్చింది. బాగుపడింది కాబట్టి ఇక తోడు అక్కర్లేదేమో చూస్తారట.

“ఇదెక్కడి న్యాయమండీ? నాలుగడుగులు వేస్తోందని చేతికర్ర లాగేసుకుంటారా? కింద పడ్డాక మళ్ళీ తెచ్చిస్తారా? నేర్చుకున్నందుకు శిక్షా?”

“నన్నడిగితే ఏం లాభం? నేను ఉత్తుత్తి మేడమ్‌ని.”

ఆమె నవ్వలేదు. అతను స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

“పాత రోజులు గుర్తు తెచ్చుకో. గుండీ పెట్టుకోమంటే ఏం చేసేది? చేతులు రెండూ వేలాడేసి, కిటికీ వైపు చూస్తూ నిలబడేది. ఇప్పటికీ అంతేనని చెప్పు. ఇంకో ఏడాది టీచరు ఉంటుంది.”

మూలన గుండీల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

పాప అక్కడ చాప మీద కూర్చుని, అమ్మ గుండీలను డబ్బా మూతలో రంగుల వారీగా పేరుస్తోంది. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుస్తారు గానీ కూత తక్కువ. నీళ్ళు, చాలు, వద్దు. ఎప్పుడైనా ఒక మాట, అంతే. ఆ డబ్బా చేతికిస్తే ఇల్లు కూలినా తల ఎత్తదు. అందుకే వాళ్ళు ఏం మాట్లాడుకోవాలన్నా దాని ముందే మాట్లాడుకుంటారు.

“దాని ఎదురుగానే నా చేత రాదు, రాదు అని వల్లె వేయిస్తున్నారు,” అంది ఆమె.

“దానికి మన మాటలు ఎక్కడ ఎక్కుతాయే,” అన్నాడు అతను. ఆ మాటలో దిగులే తప్ప విసుగు లేదు.

ఆమె కత్తెర కింద పెట్టింది. “నేను నిజమే చెబుతాను. పాత దుప్పటి ముక్కలకి పెద్ద గుండీలు కుట్టి, వెడల్పాటి కాజాలు తీసి, వాటిని నెలనెలా ఎలా చిన్నవి చేశానో చెబుతాను. బళ్ళో ఆ అమ్మాయి, ఇంట్లో నేను కష్టపడితే ఇక్కడిదాకా వచ్చింది. ఆ అమ్మాయిని తీసేస్తే మళ్ళీ బల్ల కిందికే పోతుందనీ చెబుతాను. నిజం చెప్పే గెలుస్తాను.”

“నిజం చెప్పి గెలిచినవాళ్ళు ఇంతవరకూ నా బస్సెక్కలేదు,” అన్నాడు భర్త.

పొద్దున పాప యూనిఫారం చొక్కా తనే తొడుక్కుంది. పై గుండీ దగ్గర గడ్డం పైకెత్తి, నాలుక బయటపెట్టి, కాసేపు కుస్తీ పట్టి కాజాలోకి దూర్చింది. రెండు గుండీలు తప్పు కాజాల్లో పెట్టి తీసుకెళ్దామన్నాడు భర్త. “నా కూతురు సరిగ్గా పెట్టుకున్నదాన్ని నా చేత్తో చెడగొట్టను,” అందామె.

హెడ్మాస్టరు గదిలో మేడమ్ అంతా ఓపిగ్గా వింది. దుప్పటి ముక్కలు, కాజాలు, అన్నీ. విని నవ్వింది.

“చాలా సంతోషమమ్మా. ఇన్ని వస్తున్నాయంటే ఇంక తోడెందుకు?”

“తోడుంది కాబట్టే వస్తున్నాయండీ. వచ్చిందని చెప్పినవాళ్ళకి తీసేసి, రాదన్నవాళ్ళకి ఇస్తారా? అలాగైతే తల్లులందరికీ అబద్ధాలు నేర్పుతున్నది మీరే.”

హెడ్మాస్టరు ఇబ్బందిగా కదిలాడు. భర్త ఆమె మోచేయి నొక్కాడు.

“కోపం వద్దమ్మా, చూస్తే తెలిసిపోతుందిగా,” అంది మేడమ్. “పై రెండు గుండీలూ విప్పి, పాపని పెట్టుకోమనండి.”

ఆమె విప్పింది. “పెట్టుకో, తల్లీ.”

పాప చేతులు రెండూ వేలాడేసింది. కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

“పిచ్చుకా, పొద్దున పెట్టుకున్నావు కదమ్మా.”

పాప కదల్లేదు.

“నిజంగానే పెట్టుకుందండీ. ఒట్టు,” అంది ఆమె.

మేడమ్ కోప్పడి ఉంటే బాగుండేది. జాలిగా చూసింది. “తల్లి మనసు అంతేనమ్మా, లేనిది కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. తోడు టీచరుని ఇంకో ఏడాది ఉంచుదాం లెండి.”

పని అయింది గానీ పరువు పోయింది. బడి మెట్ల మీద కూలబడి ఆమె మొహం చేతుల్లో దాచుకుంది. ఆ జాలి మీద మంటగా ఉంది. నోరు విప్పని మొగుడి మీద మంటగా ఉంది. అన్నిటికంటే తన మీద తనకే. పొద్దున చూసింది కలా?

“కావాల్సింది దక్కింది కదా,” అన్నాడు భర్త మెల్లగా.

“నా బిడ్డకి ఏమీ రాదనిపించుకుని దక్కించుకున్నాం.”

పాప వచ్చి ఇద్దరి ముందూ నిలబడింది. ముందు రెండో గుండీ పెట్టుకుంది. తర్వాత గడ్డం పైకెత్తి, నాలుక బయటపెట్టి, పై గుండీని కాజాలోకి దూర్చింది. అప్పుడు తండ్రి మొహంలోకి చూసింది.

“నాకు రాకపోవడం బాగా వచ్చిందా, నాన్నా?”