తోడుంటేనే పరీక్ష

"తోడెవరూ లేకుంటే ఇయ్యాల గూడ సూదెయ్య సార్. మల్ల నామీద కోపం జేసుకోవద్దు," అంది నర్సు విజయశ్రీ.

"నేనున్న గదా," అంటూ ఒకామె తలుపు నెట్టుకుని వచ్చి, ఉమాపతి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

విజయశ్రీ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "ఇన్నిసార్లు ఒక్కడే వచ్చి వాపస్ పోయిండు. నువ్వన్న ముందుగాల రావొద్దా అమ్మా?"

"నాకు చెప్తే గదా వచ్చుడు."

ఉమాపతి తల తిప్పుకున్నాడు. హెచ్ఐవీ అని తెలిసిన నాటి నుంచి అతను ఎవరికీ ఏదీ చెప్పుకోలేదు. మందులు వైరస్‌ను అదుపులోనే ఉంచాయి. కానీ ఈమధ్య లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. ఒకసారి స్నానాల గదిలో పడిపోయాడు. అడ్రినల్ గ్రంథులు సరిపడా హార్మోన్ తయారు చేయడం లేదేమోనని డాక్టరు అనుమానం. అదే నిజమై, మందు మొదలుపెట్టకపోతే, ఈసారి పడ్డవాడు లేవకపోవచ్చు. తేల్చేది ఈ పరీక్షే. సూది వేశాక గంటసేపు కనిపెట్టుకుని ఉండే మనిషి లేనిదే నాచారంలోని ఈ క్లినిక్‌లో చేయరు.

ముందు కాస్త రక్తం తీశాక సూది పడింది.

"చెమటలు పడుతున్నయ్," అని ఆమె కొంగుతో అతని నుదురు తుడిచింది. అక్కడ ఒక చెయ్యి పడి ఎన్నేళ్ళయిందో. పొంగివచ్చిన ఏడుపును అతను దగ్గుగా మార్చుకున్నాడు.

"నాకు గూడ ఇదే పరీక్ష రాసిన్రు. వచ్చే బుధవారం," అంది ఆమె మెల్లగా.

"పక్కన నేనుంటాను."

"ఆనాడు మీరే కండ్లు తిరిగి పడితే ఇద్దర్ని ఎవరు లేపాలె?"

అతను నవ్వాడు. నవ్వడం మరిచిపోలేదని అతనికే ఆశ్చర్యమేసింది.

గంట గడిచింది. విజయశ్రీ మళ్ళీ రక్తం తీసి, గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుంది. ఈ క్లినిక్‌లో గుట్టు కోసం అందరినీ టోకెన్ నంబరుతోనే పిలుస్తారు. గొట్టం మీద మాత్రం పేరుంటుంది.

"తోడొచ్చినోళ్ళే పేరు చెప్పాలె, సరిసూసుకుంట. మీ ఆయన పేరేందమ్మా?"

ఆమె ఉమాపతి వైపు చూసింది.

"ఇంకా మొగుని పేరు నోట పలకనోళ్ళున్నరా? గింత సిగ్గేంది? గట్టిగ అనకుంటే మాయె, మెల్లగనే అను."

ఆమె ఉమాపతి చెవి దగ్గరకు వంగింది.

"మీ పేరేంది?"