రెండు టీముల మనిషి

"నేను మడిచి బ్యాగులో పెట్టాను గోపీ. గుర్తుంది నాకు."

"పెడితే ఉండాలిగా? బ్యాగంతా దులిపాను. లేదు."

రుచిత స్కూల్లో ఆటల పీరియడుకి వేసుకునే పీఈ టీషర్టు గురించి నిఖిలకీ గోపీకృష్ణకీ చాలాసేపటి నుంచి నడుస్తోంది. సింగపూరు, క్లెమెంటి ఫ్లాటులో ఆదివారం భోజనాలు. పదేళ్ల రుచిత మాత్రం పెరుగన్నంలో వేలితో గీతలు గీస్తోంది.

"ఇట్స్ ఓకే లా. మామూలుది వేసుకుంటా," అంది.

"టీచరు తిట్టదుటే?" అంది సరోజిని, గోపీకృష్ణ తల్లి.

"అలవాటే నానమ్మా."

బ్యాగు గుమ్మం దగ్గర, చెప్పుల స్టాండు పక్కన ఉంది.

"దాన్ని గదిలో పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు గోపీకృష్ణ. రుచిత పెరుగన్నంలో ఇంకో గీత గీసింది.

మాట ఆఫీసు మీదికి మళ్లింది. వాళ్ల మాటలు ఎక్కడ మొదలైనా అక్కడికే చేరతాయి. ఇద్దరిదీ ఒకే కంపెనీ. ఒకే యాప్‌ని తొమ్మిది టీములు ముక్కలు ముక్కలుగా తయారుచేస్తాయి. రెండు వారాలకోసారి ఆ ముక్కలన్నీ అతకాలి. ఒక్కటి ఆగితే అన్నీ ఆగుతాయి. ఒక టీముకి అతను లీడ్, ఇంకోదానికి ఆమె. మధ్యలో ఉపేంద్ర అనే టెస్టరు. సగం వారం అతని టీములో, సగం వారం ఆమె టీములో.

"రేపు ప్లానింగ్ మీటింగులో ఉపేంద్ర సంగతి తేల్చేయాలి. ఇలా కుదరట్లేదు," అంది నిఖిల.

"ఎందుకు కుదరదు? నీకు సగం, నాకు సగం. ఇంతకంటే న్యాయం ఏముంటుంది?"

"మనిద్దరికీ న్యాయమే. అతన్ని ఎవరైనా అడిగారా?"

"అడిగితే ఏమంటాడు?"

"ఏమీ అనడు. అదే నా బాధ. నీ దగ్గర మొదలుపెట్టిన పని నా దగ్గరికొచ్చేసరికి ఆగిపోతుంది. నా దగ్గరున్నప్పుడు మీరేం అనుకున్నారో తెలియదు, నీ దగ్గరున్నప్పుడు మాది తెలియదు. భుజం మీది ల్యాప్‌టాప్ సంచి దించడం చూశావా ఎప్పుడైనా? ఏ కుర్చీలో కూర్చున్నా లేచి వెళ్లిపోయేవాడిలాగే కూర్చుంటాడు."

"ఆర్నెల్లయింది. సర్దుకునుంటాడులే. సూటిగా చెప్పు, మొత్తంగా నీకే కావాలి. అంతేగా?"

"కావాలనే ఉంది. ఎందుకుండదు?"

"అన్నం దగ్గర ఆ అబ్బాయి పంచాయితీ ఏంట్రా?" అంది సరోజిని. "రేపు ఇక్కడికే పిలవండి. సగం ఇడ్లీ నువ్వు తినిపించు, సగం తను తినిపిస్తుంది. చారు చల్లారిపోతోంది."

రుచిత తలెత్తింది.

"అమ్మా, ఆ అంకుల్ లంచ్ ఎవరితో తింటారు?"

గోపీకృష్ణ నవ్వాడు. నిఖిలకి నవ్వు రాలేదు.

"తెలియదమ్మా. వీళ్లేమో వాళ్లతో తింటున్నాడనుకుంటారు. వాళ్లేమో వీళ్లతో అనుకుంటారు."

"అయితే హాకర్ సెంటర్‌లో తినడానికెళ్తే ఆయనకి ఎవరూ టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు చోప్ చెయ్యరు, ఆపి ఉంచరు," అని రుచిత మళ్లీ గీతల్లో పడింది.

నిఖిల ఆ గీతలవైపే చూసింది.

"ఉపేంద్రని నువ్వే ఉంచుకో గోపీ," అంది నిఖిల చివరికి. "మొదట్నుంచీ అక్కడున్నవాడు. స్నేహితులంతా అక్కడే. రేపు నేనే చెప్తాను అందరికీ."

"నిజంగానా?" గెలిచినవాడిలా ఇంకో గరిటెడు చారు పోసుకున్నాడు. "మరి నీకు కష్టం కాదూ?"

"అవుతుంది."

లేచి చెయ్యి కడుక్కుంది. కూర తెచ్చిన డబ్బా కడిగి, తుడిచి, తన సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గరి బ్యాగుని రుచిత గదిలోకి తీసుకెళ్లి, పుస్తకాలన్నీ తీసి బల్ల మీద సర్దింది. అడుగున ఇంకేమైనా మిగిలిందేమోనని చేత్తో తడిమింది. ఖాళీ బ్యాగుని మేకుకి తగిలించి, దాని పట్టీని కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

తిరిగొచ్చి ముగ్గురివైపూ చూసి, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఇకమీదట రుచిత సగం వారం బెడోక్‌లో నా ఇంటికి రానక్కర్లేదు, వారమంతా మీ ఇంట్లోనే ఉంటుంది."