దసూకీ ఎరువుల కొట్టు

విదాద్ నమూనా తీసే ఇనుప గొట్టాన్ని యూరియా బస్తాలోకి దింపింది. హమాలీలు చూస్తుండగా రెండు చేతులతో అడుగుదాకా నొక్కింది.

కొట్టు యజమాని హాజీ దసూకీ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. జపమాల తిప్పుతూ ఆమెనే చూస్తున్నాడు. గొట్టంలోంచి రాలిన గుళికల్ని ఆమె గ్లాసుడు నీళ్లలో వేసి కలిపింది. మంచి సరుకైతే ఆనవాలు లేకుండా కరిగిపోవాలి. గ్లాసు అడుగున తెల్లరాతి పొడి మందంగా పేరుకుంది.

ఎరువు చల్లినా గోధుమ పైరు పచ్చబడడం లేదని రైతులు వ్యవసాయ ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఇంతకుముందు వచ్చిన ఇన్‌స్పెక్టర్లు ఇక్కడ టీ తాగి, సరుకు బాగుందని రాసి వెళ్లిపోయారు. పొద్దున పై అధికారి ఆమె మొహం చూడకుండా, వేరే ఎవరినైనా పంపమంటారా అని అడిగాడు. తనే వెళ్తానంది.

"వెనకగది కూడా తెరవాలి, హాజీ గారూ."

హమాలీలు తలలు దించుకున్నారు.

"గారూ అంటున్నావే," అన్నాడు దసూకీ. "చాలా మర్యాద నేర్చుకున్నావు."

తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. కాటా వెనక మేకుకు వేలాడుతున్న దాన్ని ఆమే వెళ్లి తీసుకుంది. గదిలో రాతి పొడి గుట్టగా పోసి ఉంది. పక్కనే బస్తాలు కుట్టే మిషను. ఆమె నమూనాలు తీసి, తలుపుకు తాళం వేసి, దాని మీద లక్క కరిగించి ముద్ర వేసింది.

అప్పుడు లేచాడు దసూకీ. పొగాకు వాసన తగిలేంత దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు.

"ముద్ర వేశావు. సరే. సాయంత్రం ఏ ఇంటికి పోతావో నేనూ చూస్తాను."

జీపు డ్రైవరు ఫిక్రీ ఆ మాట విన్నాడు. ఈమధ్యే టాంటా నుంచి బదిలీ మీద వచ్చాడు, ఇక్కడి మనుషులు ఇంకా తెలియదు. దారంతా అద్దంలో వెనక్కి చూసుకుంటూనే నడిపాడు. పోలీసు స్టేషనుకు పోదామన్నాడు. కాదంటే తన చెల్లెలింట్లో పడుకోమని బతిమాలాడు. ముందు నమూనాలు ల్యాబుకు చేరాలంది విదాద్. అవి అప్పగించి, సంతకం పెట్టించుకున్నాక, ఇంటికి పోనిమ్మంది.

"ఆయన మనుషులు అక్కడ కాపు కాస్తే, ఇన్‌స్పెక్టరమ్మ గారూ?"

"మనుషుల్ని పంపడు ఫిక్రీ. తనే ఉంటాడు."

పొద్దుగుంకే వేళ మగ్రిబ్ నమాజు ముగిసి జనం మసీదులోంచి బయటికొస్తున్నారు. జీపును సందు మొదట్లోనే ఆపించి, ఫిక్రీని వెళ్లిపొమ్మంది. గోడవారగా దసూకీ నల్లకారు నిలబడి ఉంది. దాన్ని చూడగానే ఆగిపోయింది. వెనక్కి తిరిగి పరుగెత్తాలనిపించింది. ఎక్కడికని?

మెట్లెక్కింది. తాళంచెవి తిరిగింది గాని తలుపు తెరుచుకోలేదు. లోపల గడియ వేసి ఉంది. తలుపు కింది సందులోంచి వెలుతురు వస్తోంది. ఆ వెలుతురులో ఎవరివో పాదాల నీడలు కదలకుండా నిలబడి ఉన్నాయి.

విదాద్ తలుపు తట్టింది. రెండోసారీ తట్టింది. మూడోసారి పిలిచింది.

"నాన్నా, తలుపు తియ్యి."